ఒకే మనిషికి రెండు క్యాన్సర్లు: దేనికి ముందు వైద్యం, ఎవరిని ఏం అడగాలి

ఒళ్లంతా క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ రిపోర్టులో రెండో చోట కూడా మెరుస్తోందని రాసి ఉంటే, అది చూసిన వెంటనే ఎవరో ఒకరు "పాకింది" అనేస్తారు. ఆ మాట డాక్టరు అన్నా, స్కానింగ్ సెంటర్లో కుర్రాడు అన్నా, ఫోన్లో మీ బావమరిది అన్నా, నమ్మేముందు ఒక్క ప్రశ్న అడగండి: అక్కడ ముక్క తీసి చూశారా? చూడకపోతే అది పాకిందో, ఇంకో క్యాన్సర్ విడిగా పుట్టిందో, అసలు క్యాన్సరే కాదో గట్టిగా చెప్పడం కష్టం. ఇన్ఫెక్షన్ ఉన్నా, టీబీ ఉన్నా, పేగులో మామూలు పాలిప్ (చిన్న కండ) ఉన్నా స్కాన్‌లో మెరుస్తుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకైతే పేగు అంతా మెరవచ్చు, అందుకే స్కాన్‌కి ముందు ఆ మాత్ర సంగతి చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడగాలి.

మాకు ఈ సంగతి తెలిసేసరికి పదకొండు రోజులు పోయాయి. అత్తయ్యది గూడూరు. ఎడమ రొమ్ములో గడ్డ కనబడి, బయాప్సీలో క్యాన్సర్ అని తేలాక చెన్నైలో మా ఇంటికి తీసుకొచ్చాం. మొదట చూపించిన ఆస్పత్రిలో పెట్ స్కాన్ తీసి, పొట్టలో కుడిపక్క పెద్దపేగు దగ్గర కూడా ఉంది, రొమ్ము నుంచి పాకింది, నాలుగో స్టేజి, ఆపరేషన్ చేసినా లాభం లేదు అని పావుగంటలో తేల్చేశారు. మా ఆయన పార్కింగ్‌లో కారు తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన చోట పెద్ద డాక్టరమ్మ స్కాన్ ఫిల్మ్ పక్కన పెట్టి, అత్తయ్య కింది రెప్ప లాగి చూసి, పాత రక్తపరీక్ష కాగితం తిరగేసి, "హిమోగ్లోబిన్ 7.8 ఉంది, రొమ్ములో గడ్డకి రక్తం ఇంత ఎందుకు పడిపోతుంది?" అన్నారు. ఆర్నెల్లుగా నీరసం నీరసం అంటుంటే మేము బీట్‌రూట్ జ్యూస్ ఇస్తూ కూర్చున్నాం. నెలసరి ఆగిపోయి పదేళ్లు దాటిన మనిషికి ఐరన్ తగ్గి రక్తం పడిపోతే పేగులో ఎక్కడో కారుతోందేమో చూడాలట. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేసి ముక్క తీశారు. పేగులో పుట్టిన క్యాన్సర్. రొమ్ముది వేరు, ఇది వేరు.

వినడానికి ఇంకా భయంగా ఉంటుంది, ఒకటి చాలక రెండా అని. కానీ లెక్క వేరు. పాకితే నాలుగో స్టేజి కిందకి వస్తుంది, చాలావరకు అదుపులో పెట్టే వైద్యమే ఉంటుంది. విడివిడిగా పుడితే దేని స్టేజి దానిదే. అత్తయ్యకి రొమ్ముది రెండో స్టేజి, పేగుది మూడో స్టేజి, రెండింటికీ పూర్తిగా తగ్గించాలనే ఉద్దేశంతోనే వైద్యం చేశారు. ఒక్క చిన్న ముక్కతో ఇంత తేడా.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1932లోనే వారెన్, గేట్స్ అనే ఇద్దరు డాక్టర్లు మూడు షరతులు పెట్టారు: రెండూ క్యాన్సరే అని తేలాలి, రెండూ దేనికది విడిగా ఉండాలి, ఒకటి ఇంకోదాని నుంచి పాకింది కాదని నిరూపించాలి. ఈ మూడోది ఇప్పుడు ల్యాబ్‌లో రంగు పరీక్షలతో తేలుస్తారు, రిపోర్టులో ఐహెచ్‌సీ అని ఉంటుంది. రొమ్ము కణాలకి ఈఆర్, పీఆర్, గాటా3 లాంటి గుర్తులు, పెద్దపేగు కణాలకి సీకే20, సీడీఎక్స్2, ఊపిరితిత్తుల్లో ఒక రకానికి టీటీఎఫ్1. ఇవన్నీ మీరు బట్టీ పట్టక్కర్లేదు. "రెండు ముక్కలకీ ఐహెచ్‌సీ చేశారా, రెండింటినీ ఒకే పెథాలజిస్టు పక్కపక్కన పెట్టి చూశారా?" అని అడిగితే చాలు. పెథాలజిస్టు అంటే ముక్కని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టరు.

దానికి మీ చేతిలో బ్లాకులు ఉండాలి. బయాప్సీ ముక్కని మైనంలో పోసి చిన్న ప్లాస్టిక్ చట్రంలో పెడతారు, అదే బ్లాక్. ఊళ్లో చేసిన బయాప్సీ అయితే ఆ ల్యాబ్‌కి రాతపూర్వకంగా అడిగి బ్లాకులూ స్లైడ్లూ రెండూ తెచ్చుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటి పట్టుకుని వస్తే మళ్లీ తిరగాలి. ఒక జాగ్రత్త, అది మైనం. మే నెలలో నెల్లూరు నుంచి చెన్నై దాకా కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి తెచ్చారంటే కరిగి ముద్దవుతుంది. మేము స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి, చేతిసంచీలో పెట్టుకుని తెచ్చాం. ఆస్పత్రిలో ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చారో, వాటి మీద నంబర్లేమిటో రాయించుకుని సంతకం తీసుకోండి.

తర్వాత అడగాల్సింది ట్యూమర్ బోర్డు. అంటే సర్జను, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, పెథాలజిస్టు, స్కాన్ చదివే డాక్టరు అందరూ ఒకే గదిలో కూర్చుని ఒక్క పేషెంటు గురించి మాట్లాడుకోవడం. ఒక క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఇది ఉంటే మంచిది, రెండున్నవాళ్లకి తప్పనిసరి అనే నేనంటాను. ఎందుకంటే రొమ్ము డాక్టరుకి రొమ్మే ముఖ్యం, పేగు డాక్టరుకి పేగే ముఖ్యం, ఇద్దరూ ఎవరి ప్లాన్ వాళ్లు చెప్పి పంపిస్తే మధ్యలో నలిగేది మనం. "మా కేసు బోర్డులో పెట్టారా, ఏ రోజు పెట్టారు, ఏం తేల్చారో రాసిస్తారా" అని మొహమాటం లేకుండా అడగండి. చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సొంత చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం చూసిన ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి 1954లో 12 పడకలతో మొదలుపెట్టిన సంస్థ. అనంతపురం, హిందూపురం వైపువాళ్లకైతే బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి దగ్గరవుతుంది. ప్రైవేటులో వైద్యం చేయిస్తున్నా అలాంటి చోట ఒకసారి ఫైలు చూపించుకోవడంలో తప్పు లేదు, ఇప్పుడు చూస్తున్న డాక్టరు ఏమనుకుంటారో అన్న బెంగ పెట్టుకోకండి. మంచి డాక్టరు ఏమీ అనుకోరు.

ఇక అసలు ప్రశ్న, ఏది ముందు? అందరికీ ఒకే జవాబు ఉండదు గానీ డాక్టర్లు ఆలోచించే తీరు తెలిస్తే మీరు వాళ్ల మాట పట్టుకోగలరు. ఏది ముందు ప్రాణం మీదికి తెస్తుంది అన్నది మొదట చూస్తారు. పేగు మూసుకుపోయేలా ఉందా, రక్తం కారుతోందా, గొంతులో గడ్డ శ్వాసకి అడ్డం పడుతోందా, అలాంటిది ఉంటే స్టేజితో పని లేకుండా అదే ముందు. అలాంటిదేమీ లేకపోతే ఏది వేగంగా పెరిగేదో అది. కొన్ని క్యాన్సర్లు నెమ్మదిగా నడుస్తాయి, వాటిని కొన్నాళ్లు కూర్చోబెట్టవచ్చు: హార్మోను గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌ని మాత్రతో, ప్రోస్టేట్‌ది హార్మోను ఇంజెక్షన్‌తో ఆపి ఉంచి రెండోదాని పని చూస్తారు. చిన్న పాపిలరీ థైరాయిడ్‌ది, లక్షణాలేమీ లేని సీఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్‌ది చాలాసార్లు ఏ మందూ లేకుండా గమనిస్తూ ఉంటారు.

ఒకే మందు రెండింటి మీదా పనిచేస్తుందా అని కూడా వెతుకుతారు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ జోడీ అండాశయానికి, ఊపిరితిత్తులకి, రొమ్ముకి మూడింటికీ వాడే మందే. చుట్టలూ గుట్కాలూ అలవాటున్నవాళ్లకి నోట్లో ఒకటి, అన్నవాహికలో ఒకటి కలిసి రావడం ఉంది, పొగాకు తగిలిన దారంతా దెబ్బతింటుంది కదా. వాళ్లకి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు రెండు చోట్లా పనికొస్తుంది. అందుకే నోటి క్యాన్సర్ అనగానే గొంతు లోపలా, అన్నవాహికా, ఊపిరితిత్తులూ చూశారా అని అడగడం మర్చిపోవద్దు.

ఒళ్లు ఎంత తట్టుకుంటుందన్నది కూడా పెద్ద విషయమే. సిస్‌ప్లాటిన్‌కి కిడ్నీ బాగుండాలి, చెవి మీద కూడా ప్రభావం ఉంటుంది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందుకి జన్మంతా కలిపి ఒక పరిమితి ఉంది, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకి 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండెకి ప్రమాదం బాగా పెరుగుతుంది. పదేళ్ల కిందట ఒక క్యాన్సర్‌కి మందులు ఎక్కించుకుని ఇప్పుడు రెండోది వచ్చినవాళ్లకి ఈ లెక్క చాలా అవసరం, పాత డిశ్చార్జి కాగితాలు అటక మీద ఉన్నా దించండి. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని ఉంటే ఎక్కడ ఎన్ని గ్రేలు (దాని డోసు కొలత) పెట్టారో కూడా కావాలి, పెట్టిన చోటే మళ్లీ పెట్టడం అంత తేలిక కాదు.

మాకు బోర్డు ఇచ్చిన వరస ఇది, మీది ఇలాగే ఉండాలని కాదు, ఎలా అల్లుతారో చూపించడానికి చెబుతున్నాను. మొదటి రోజు నుంచే రొమ్ముదాన్ని ఆపి ఉంచడానికి లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి. ఐరన్ సలైన్‌లో ఎక్కించి హిమోగ్లోబిన్ పెంచి, కీహోల్ పద్ధతిలో పేగు ఆపరేషన్. మూడున్నర వారాలకి రొమ్ము ఆపరేషన్. రెండూ ఒకే మత్తులో చేసేవాళ్లూ ఉన్నారు, అత్తయ్యకి రక్తం తక్కువ, షుగరు ఎక్కువ కాబట్టి వద్దనుకున్నారు. పేగు ఆపరేషన్ అయ్యాక ఎనిమిది వారాలు దాటకుండా కీమో మొదలుపెట్టాలని ముందే చెప్పారు, కాబట్టి రొమ్ము ఆపరేషన్ తేదీ ఆ గడువులో ఇరికించారు. కీమో నాలుగు సైకిళ్లు, ఒక్కోటి 21 రోజులు, ఆ మూడు నెలలూ లెట్రోజోల్ ఆపారు. తర్వాత రొమ్ముకి 15 సిట్టింగుల రేడియేషన్, మళ్లీ లెట్రోజోల్. ఎడమ రొమ్ము కాబట్టి గుండెకి తగలకుండా ఊపిరి బిగపట్టించి పెట్టారు, మాకంటే అత్తయ్యే బాగా బిగపట్టింది, రోజూ ప్రాణాయామం చేసే మనిషి.

వరస ఎంత బాగున్నా దాన్ని నడిపే మనిషి ఒకరు లేకపోతే ఎక్కడో తెగుతుంది. ఒక డాక్టరుని పట్టుకుని "మా మొత్తం కేసుకి మీరే పెద్దదిక్కు, ఎవరు ఏం రాసినా మీకు చూపించాకే వేస్తాం" అని చెప్పేయండి. మాకు కీమో డాక్టరు ఒప్పుకున్నారు. దాని విలువ ఎప్పుడు తెలిసిందంటే, రక్తం తక్కువని ఊళ్లో రాసిన ఐరన్ మాత్రలు అత్తయ్య సంచీలో ఉన్నాయి, అందులో ఫోలిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. కీమోలో భాగంగా ఇచ్చే కాపెసిటాబిన్ మాత్రకి ఫోలిక్ యాసిడ్ తోడైతే విరేచనాలు, నోటిపూత, చేతులూ కాళ్లూ మండటం ఎక్కువవుతాయి. ఐరన్ రాసినవాళ్ల తప్పు లేదు, కీమో రాసినవాళ్ల తప్పూ లేదు, రెండు చీటీలూ ఒకరి కంట పడకపోవడమే తప్పు. మొదటి సైకిల్‌కి రెండు రోజుల ముందు నేను సంచీ బోర్లించి స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిచి ఫోటో తీసి పంపితే, డాక్టరు ఆ ఒక్కదాని చుట్టూ ఎర్ర గీత గీసి తిరిగి పంపారు. మీరూ అదే చేయండి, బీపీ మాత్ర, ఆయుర్వేదం లేహ్యం, పక్కింటావిడ ఇచ్చిన పొడి, ఏదీ వదలకుండా. గుండెకి వార్ఫరిన్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త, కాపెసిటాబిన్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడుతుంది. ఈ మందు మొదలుపెట్టే ముందు డీపీవైడీ అనే జన్యు పరీక్ష అవసరమా అని కూడా అడగండి, కొంతమందికి పుట్టుకతోనే ఇది సరిగ్గా అరగదు, మామూలు డోసే విషమవుతుంది.

కీమో రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందో ఆస్పత్రిలో చెప్పినా తలకెక్కదు. కీమోలో కాపెసిటాబిన్‌తో పాటు ఇచ్చే మందు ఆక్సాలిప్లాటిన్, అది ఎక్కించిన మూడో రోజు అత్తయ్య అలవాటుగా ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె పట్టుకుంది, వేళ్లకి కరెంటు షాకు కొట్టినట్టై గిన్నె జారి వంటిల్లంతా పెరుగు. చల్లటిది తాకకూడదు, తాగకూడదు, గొంతు పట్టేసినట్టు అవుతుంది. చెన్నై ఎండలో గోరువెచ్చని నీళ్లు తాగమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, కానీ తప్పదు. ఫ్రిజ్ తలుపుకి ఎర్ర రిబ్బన్ కట్టాం. కాపెసిటాబిన్ అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి, అరిచేతులకీ అరికాళ్లకీ కొబ్బరి నూనె కంటే డాక్టరు రాసిన యూరియా క్రీమే బాగా పనిచేసింది మాకు. జ్వరం 100.4 దాటితే రాత్రి రెండైనా సరే ఆస్పత్రికి, ఇంట్లో డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనొద్దు.

జుట్టు గురించి అత్తయ్య బెంగ వేరు. "తిరుమలలో ఇయ్యాల్సింది ఈడ ఇచ్చేస్తే ఎట్టా అమ్మాయ్" అంది. ఈ కీమోతో జుట్టు పలచబడింది గానీ పూర్తిగా ఊడలేదు. మీకు ఇచ్చే మందుతో ఊడుతుందో లేదో ముందే అడిగి చెప్పండి, పెద్దవాళ్లు పైకి అనరు గానీ లోపల అదే తిరుగుతుంటుంది. రెండు జబ్బులున్నాయని చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. చెప్పేశాం. రెండు చోట్ల కుట్లు కనబడుతుంటే ఎన్నాళ్లు దాస్తారు?

భాష సంగతి ఒకటి. అరవంలో గడ్డని "కట్టి" అంటారు. మొదటి రోజు నర్సు అత్తయ్యని "కట్టి ఎంగ ఇరుక్కు?" అని అడిగితే ఆవిడకి కత్తి అని వినబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏందమ్మాయ్, కత్తి యాడుందని నన్నడగతా ఉండాది?" అంది. నవ్వొచ్చింది గానీ, అంగీకార పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు నవ్వులాట కాదు, రెండు ఆపరేషన్లకి రెండు పత్రాలుంటాయి, అరవం రాకపోతే తెలుగో ఇంగ్లీషో వచ్చిన మనిషిని పిలిపించి చదివించుకోండి. చెన్నై ఆస్పత్రుల్లో తెలుగు వచ్చిన నర్సు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

డబ్బు. ఆంధ్రా కార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చెన్నై, బెంగళూరుల్లో కొన్ని ఆస్పత్రులు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. అయితే ఆస్పత్రి లిస్టులో ఉంటే సరిపోదు, మీకు కావాల్సిన విభాగం అందులో ఉండాలి. అక్కడ ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని మొదటి రోజే కలిసి రెండు క్యాన్సర్లున్నాయని చెప్పి, దేనికది విడిగా ముందస్తు అనుమతి పెట్టించండి, ఒకదాని కింద రెండోది సర్దుకుంటుందిలే అనుకుంటే కౌంటరు దగ్గర ఆగిపోతారు. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే రెండు బయాప్సీ రిపోర్టులూ పంపండి, లేదంటే రొమ్ము జబ్బుకి పేగు ఆపరేషన్ ఎందుకని ప్రశ్న వస్తుంది, మాకు వచ్చింది. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ మొత్తం మినహాయింపు, తోడు వెళ్లేవాళ్లకి ముప్పాతిక భాగం. ఆస్పత్రివాళ్లు రైల్వే ఫారంలో రాసి ముద్ర వేసిస్తారు, దాంతో రిజర్వేషన్ కౌంటరులో తీసుకోవాలి.

ఇంకో పరీక్ష ఉంది, చాలామంది వదిలేస్తారు. రెండు క్యాన్సర్లు ఒకరికే వచ్చాయంటే పుట్టుకతో వచ్చిన జన్యు లోపం ఉందేమో చూడాలి. రొమ్ము, అండాశయం కలిసి ఉంటే బీఆర్‌సీఏ, పెద్దపేగు, గర్భసంచి కలిసి ఉంటే లించ్ సిండ్రోమ్. పేగు ముక్క మీదే ఎంఎంఆర్ అనే నాలుగు ప్రొటీన్ల పరీక్ష చేస్తే లించ్ అనుమానం ఉందో లేదో చాలావరకు తెలిసిపోతుంది, అత్తయ్యకి నాలుగూ మామూలుగానే ఉన్నాయి. ఒకవేళ లోపం తేలితే అది పేషెంటు ఒక్కరిదే కాదు, పిల్లలకీ తోబుట్టువులకీ సగానికి సగం అవకాశం. మా ఆడపడుచుకి పెళ్లి సంబంధాల సమయం, ఈ మాట ఎత్తితే ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. అయినా కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. అమ్మకి పేగు క్యాన్సర్ వచ్చింది కాబట్టి పరీక్ష మామూలుగా ఉన్నా 40 ఏళ్లకి కొలనోస్కోపీ చేయించుకోమని చెప్పి పంపారు, మా ఆయనకీ అదే మాట. ఆయనకి ఇప్పుడు 38.

వైద్యం అయ్యాక ఫాలోఅప్ కూడా రెండు దారులు. పేగుకి సీఈఏ రక్తపరీక్ష మూడు నెలలకోసారి, ఏడాదికి కొలనోస్కోపీ. రొమ్ముకి ఏడాదికోసారి మామోగ్రామ్, లెట్రోజోల్ ఎముకల్ని గుల్ల చేస్తుంది కాబట్టి డెక్సా స్కాన్. ఇద్దరు డాక్టర్లు చెరో తేదీ ఇస్తారు, గూడూరు నుంచి నెలకి రెండుసార్లు రావడం ఆ వయసులో అయ్యే పని కాదు, రెండూ ఒకే రోజున పెట్టమంటే పెడతారు. గోడమీద క్యాలెండర్లో పేగుకి పచ్చ చుక్క, రొమ్ముకి ఎర్ర చుక్క పెట్టాం. వచ్చే నెల 14న రెండు చుక్కలూ పక్కపక్కనే ఉన్నాయి, అత్తయ్య అప్పుడే ఆవకాయ జాడీ సర్దుతోందట.